కొటేషన్ కాగితంలో చివరి వరుస

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఆ పేరుతో పిలిచేవాళ్లు అరుదు. అందరికీ అది సీటీసీ. మొన్నొక శనివారం మా మేనల్లుణ్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. వాడు ఇంజినీరింగ్ రెండో ఏడాది. అమ్మమ్మ ఇచ్చినవీ, తాను దాచుకున్నవీ కలిపి చేతిలో 70 వేలున్నాయి. గేములాడే కంప్యూటర్ కావాలి. కౌంటర్ వెనకాయన మమ్మల్ని అడిగింది ఒక్కటే: "బడ్జెట్ ఎంత తమ్ముడూ?" అంకె వినగానే కాగితం లాక్కుని చకచకా రాసేశాడు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల లైట్లున్న కూలర్, నాలుగు ఫ్యాన్లు. ప్రతిదానికీ కంపెనీ పేరుంది, మోడల్ నంబరుంది. చిట్టచివరి వరుసలో మాత్రం "క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్, 450 వాట్" అని ఉంది. పేరూ లేదు, నంబరూ లేదు.

తక్కువ డబ్బుతో గేమింగ్ కంప్యూటర్ కట్టుకోవడమనే విషయం మొత్తాన్నీ ఆ చివరి వరుస నుంచి వెనక్కి చదవొచ్చనిపించింది. ఈ వ్యాసం ఆ ప్రయత్నమే.

నాలుగు పక్షాలు

ఈ సంగతి ఎవరినడిగినా జవాబు నాలుగు పక్షాల్లో ఏదో ఒకదానిలోంచి వస్తుంది. మొదటిది కార్డు పక్షం. బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డే కాబట్టి సగం డబ్బు దానికే పోయాలంటుంది. రెండోది తూకం పక్షం. ప్రాసెసర్ బలహీనంగా ఉంటే ఎంత కార్డైనా దండగేనంటుంది. మూడోది సాకెట్ పక్షం. ఇవాళ ఒక మెట్టు తక్కువైనా ఫర్వాలేదు, రేపటి ప్రాసెసర్లు పట్టే బోర్డు కొనమంటుంది. నాలుగోది సెకండ్‌హ్యాండ్ పక్షం. కొత్తది కొనడమే తెలివితక్కువంటుంది.

నాలుగింటిలోనూ నిజముంది. నాలుగూ అడగని ప్రశ్న కూడా ఒకటుంది. ఇవాళ తగ్గించుకున్న భాగాన్ని రేపు బాగుచేసుకోవాలంటే, ఉన్నదానికి మరొకటి కలిపితే చాలా, లేక ఉన్నదాన్ని తీసి పక్కన పెట్టాలా? కలుపుకునే దానిమీద ఇవాళ పిసినారితనం చూపించొచ్చు, పెట్టిన డబ్బెక్కడికీ పోదు. తీసి పక్కన పెట్టాల్సిన దానిమీద చేసిన పిసినారితనానికి రెండుసార్లు డబ్బు కడతాం. ఈ గీటురాయి మీద భాగాలన్నిటినీ ఒక్కొక్కటిగా గీసి చూద్దాం.

తెర దగ్గర మొదలు

కొటేషన్ కాగితం ప్రాసెసర్‌తో మొదలవుతుంది. లెక్క మాత్రం తెర దగ్గర మొదలవ్వాలి. 1080పీ తెరమీద 1920 అడ్డంగా, 1080 నిలువుగా, మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. 1440పీలో 36,86,400. 4కేలో 82,94,400, అంటే మొదటిదానికి సరిగ్గా నాలుగింతలు. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో బొమ్మకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 6.9.

ఇక్కడ పని రెండుగా చీలుతుంది. వాకిట్లో ముగ్గేసేటప్పుడు ఒకరు చుక్కలు పెడితే మరొకరు గీతలు కలిపి రంగులద్దినట్టు, ప్రాసెసర్ చుక్కలు పెడుతుంది, కార్డు రంగులద్దుతుంది. వాకిలి పెద్దదైతే, అంటే తెర చుక్కలు పెరిగితే, రంగులద్దేవాళ్లకే భారం. గంటకు ఎక్కువ ముగ్గులు కావాలంటే, అంటే ఫ్రేములు పెరగాలంటే, చుక్కలు పెట్టే చెయ్యి కూడా చురుగ్గా ఉండాలి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి తక్కువ గ్రాఫిక్స్‌తో వందల ఫ్రేములు కోరే ఆటలు, కాబట్టి వాటిలో ప్రాసెసర్ తేలిపోతుంది. సైబర్‌పంక్ 2077 లాంటివాటిలో కార్డు ముందుగా చేతులెత్తేస్తుంది. కార్డు పక్షానికీ తూకం పక్షానికీ జరిగే గొడవలో సగం, ఆట పేరు చెప్పకుండా వాదించుకోవడంవల్ల వచ్చిందే.

మావాడు స్నేహితులతో వాలరెంట్ ఆడతాడు, సెలవుల్లో సైబర్‌పంక్ పూర్తి చెయ్యాలంటాడు. ఇంట్లో వాళ్లక్క వదిలేసిన 1080పీ, 60 హెర్ట్జ్ మానిటర్ ఉంది. ఇప్పటికి అది చాలు. రేపు 144 హెర్ట్జ్‌ది కొన్నా పాతది రెండో తెరగా పనికొస్తుంది కాబట్టి దీన్ని కలుపుకునే జాబితాలో వేశాం.

కార్డు: పేరొకటి, సరుకొకటి

డబ్బు ఎక్కువగా పోయేదీ, మోసం ఎక్కువగా జరిగేదీ కార్డు దగ్గరే. ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060 3 జీబీ, 6 జీబీ రకాల్లో వచ్చింది. తేడా మెమరీలో మాత్రమే అనుకున్నవాళ్లకు తెలియని సంగతేమిటంటే, చిన్నదానిలో గీసే కోర్లు కూడా తక్కువ: 1280కి బదులు 1152. ఆర్‌టీఎక్స్ 3050 కథా అంతే. 2022లో వచ్చిన 8 జీబీ కార్డులో 2560 కోర్లు, 128 బిట్ల దారి ఉంటే, 2024లో వచ్చిన 6 జీబీ కార్డులో 2304 కోర్లు, 96 బిట్ల దారి. పెట్టె మీద పేరు మాత్రం అదే. చిన్నదానికీ ఒక ప్రయోజనముంది. 70 వాట్లే తీసుకుంటుంది కాబట్టి విడిగా కరెంటు వైరు అక్కర్లేదు, పాత ఆఫీసు కంప్యూటర్‌లో గుచ్చితే చాలు. అలా తెలిసి కొంటే మంచి సరుకే.

అంతకన్నా కింది అంతస్తులో "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అనే మాట ఉంది. జీటీ 730 అనే 2014 నాటి కార్డుకు 4 జీబీ మెమరీ తగిలించి గేమింగ్ కంప్యూటర్ పేరుతో అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మెమరీ గోదాము లాంటిది. గోదాము పెద్దదైనంత మాత్రాన మిల్లు ఎక్కువ ఆడదు.

అలాగని గోదాము చిన్నదైతే మిల్లు ఆగకపోదు. ఆట బొమ్మలు కార్డు మెమరీలో పట్టకపోతే మిగతావి కంప్యూటర్ ర్యామ్‌లో కూర్చుంటాయి. కావల్సినప్పుడల్లా బోర్డు మీది పీసీఐ దారిలో రాకపోకలు సాగిస్తాయి. ఆ దారి ఇరుకైతే ఆట కుదుపులు కుదుపులుగా నడుస్తుంది. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఈ పాఠానికి మంచి ఉదాహరణ. మెమరీ 4 జీబీ, దారి నాలుగు వరుసలు. కొత్త తరం బోర్డు మీద ఎలాగో నెట్టుకొచ్చిన ఆ కార్డు, మూడో తరం పీసీఐ ఉన్న పాత బోర్డు మీద బాగా వెనకబడింది. చవక కార్డు కొనేవాళ్ల దగ్గర ఉండేవి చాలావరకు పాత బోర్డులే. అంటే ఎవరికోసం చేశారో వాళ్లకే ఎక్కువ దెబ్బ.

1080పీలో ఆడేవాళ్లకు 8 జీబీ ఇంకా సరిపోతుంది, టెక్స్చర్ల సెట్టింగును ఆఖరి మెట్టుకు ఎక్కించకపోతే. 2025లో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ ఒకే పేరుతో 8, 16 జీబీ రకాల్లో వచ్చాయి. కార్డు మెమరీ తర్వాత కలుపుకునేది కాదు, కాబట్టి తేడా భరించగలిగితే పెద్దదే నయం. 2024 చివర్లో ఇంటెల్ ఆర్క్ బీ580 అమెరికాలో 249 డాలర్లకే 12 జీబీ ఇచ్చి అందరినీ ఆశ్చర్యపరిచింది. అయితే రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని బోర్డు మీదా, పాత ప్రాసెసర్ పక్కనా అది తన సత్తా చూపించలేదు. ఆ డాలర్ల ధర పన్నుకు ముందరిది. మన దగ్గర 18 శాతం జీఎస్‌టీ కలుస్తుంది. విదేశీ వీడియో చూసి ఆ అంకెను రూపాయల్లోకి గుణించుకుని సీటీసీకి వచ్చేవాళ్లు ఖంగుతినేది ఇక్కడే.

ఇంకో గీత కూడా ఉంది. 2024 డిసెంబర్ నాటి ఇండియానా జోన్స్ ఆటకూ, 2025 మేలో వచ్చిన డూమ్ ఆటకూ రే ట్రేసింగ్ చేయగల కార్డు తప్పనిసరి. బలమెంతున్నా ఆ విద్య రాని పాత కార్డులకు ఆ వాకిట్లో ప్రవేశం లేదు. సెకండ్‌హ్యాండ్ పక్షంవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ప్రాసెసర్, బోర్డు: దారి ఎంతవరకు?

సాకెట్ పక్షానికి బలమైన సాక్ష్యం ఏఎండీ ప్రాసెసర్ల సాకెట్ ఏఎం4. 2017లో మొదటి రైజెన్ కొన్నవాడు, బోర్డు బయోస్ అప్‌డేట్ చేసుకుని, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ దాకా చాలా బోర్డుల మీద అదే సాకెట్‌లో ఎక్కగలిగాడు. ఇంటెల్ ఎల్‌జీఏ1700 దారి 12, 13, 14 తరాలతో ముగిసింది. ఏఎం5ను 2027 దాటినా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఈ లెక్కన కళ్లు మూసుకుని ఏఎం5 కొనాలి. కానీ ఏఎం5 మీద డీడీఆర్5 ర్యామ్ తప్ప మరొకటి పట్టదు. ఆ ర్యామ్ కథ ఏమైందో కాసేపట్లో చూస్తాం.

ఇక్కడా పేర్లతో జాగ్రత్త అవసరం. రైజెన్ 5 5500, రైజెన్ 5 5600 రెండిటిలోనూ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. కానీ మొదటిదానిలో ఎల్3 క్యాష్ 16 ఎంబీ, రెండోదానిలో 32. మొదటిది మూడో తరం పీసీఐ, రెండోది నాలుగో తరం. ఇరుకు దారి కార్డు కొనేవాడికి ఇది కాగితం మీది తేడా కాదు. ఇంటెల్ ఐ3 12100ఎఫ్‌లో నాలుగే కోర్లున్నా చవక కంప్యూటర్లలో మంచి పేరు తెచ్చుకుంది. చివర ఉన్న "ఎఫ్" అక్షరానికి అర్థం లోపల గ్రాఫిక్స్ లేవని. రైజెన్ 5 5600లోనూ లేవు. కార్డు పాడై వారంటీకి వెళ్లిందంటే అది తిరిగొచ్చేదాకా తెర నల్లగానే ఉంటుంది. ఆ కంప్యూటర్ మీదే ప్రాజెక్టు రిపోర్టు రాసుకునే విద్యార్థి ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. స్నేహితుడి దగ్గర పాత కార్డేదైనా అరువు దొరుకుతుందంటే దిగులు లేదు.

చేతిలో డబ్బు మరీ తక్కువగా ఉంటే రైజెన్ 5 5600జీ లాంటిది కొని, దాని లోపలి గ్రాఫిక్స్‌తో వాలరెంట్ ఆడుకుంటూ, కార్డు మరుసటి ఏడాది కొనుక్కోవచ్చు. మన గీటురాయి మీద ఇది నిఖార్సైన దారి, ఎందుకంటే ఏదీ పారేయనక్కర్లేదు.

ర్యామ్: మబ్బు లేని పిడుగు

2025కు ముందు కొన్నేళ్లపాటు ర్యామ్ గురించి ఎవరూ పెద్దగా తల బద్దలు కొట్టుకోలేదు. ఆ ఏడాది మధ్యలో పెద్ద కంపెనీలు డీడీఆర్4 తయారీని తగ్గించుకోవడంతో పాత రకం ధర లేచింది. ఏడాది చివరికి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఊడ్చుకుపోవడంతో డీడీఆర్5 ధర రెండు మూడింతలైంది. డిసెంబర్‌లో మైక్రాన్ సంస్థ, మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ మైక్రాన్‌కు మన హైదరాబాద్‌లోనే పెద్ద డిజైన్ కేంద్రముంది. చిప్‌ల మీద పనిచేసేవాళ్లున్న ఊళ్లోనే కౌంటర్ ముందు నిలబడి ఆ చిప్ ధర విని నోరెళ్లబెట్టాం.

అందుకే ఇప్పుడు పాత సలహా ఒకటి తిరగరాసుకోవాలి. 16 జీబీ కావాలంటే రెండు ఎనిమిదులు పెట్టండి, రెండు దారుల్లో వేగం వస్తుందనేది ఆ సలహా. వేగం సంగతి నిజమే. కానీ చవక బోర్డుల్లో తరచుగా రెండే స్లాట్లుంటాయి. రెండూ ఎనిమిదులతో నిండిపోతే రేపు 32 కావాలన్నప్పుడు రెండూ పీకెయ్యాలి. ఒకే 16 పెట్టి స్లాట్ ఖాళీ ఉంచితే ఇవాళ కొన్ని ఫ్రేములు పోతాయి, రేపు ధర దిగాక మరో 16 కలుపుకోవచ్చు. విడిగా కార్డున్నవాడు ఆ నష్టం భరించగలడు. ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ మీద ఆధారపడేవాడు భరించలేడు, ఎందుకంటే వాడి గ్రాఫిక్స్‌కు మెమరీ కూడా ఆ ర్యామే. వాడికి పాత సలహాయే మందు.

ఎస్‌ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎన్‌వీఎంఈ రకం తీసుకుంటే చాలు, అంకెల్లో అతివేగమున్న వాటికి గేముల్లో కనబడే లాభం తక్కువ. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ చోటు అడుగుతుంది కాబట్టి 500 జీబీలో మూడు పెద్ద ఆటలు ఇరుక్కుంటాయి. బోర్డు మీద రెండో ఎం.2 స్లాట్ ఉందో లేదో చూసుకుంటే ఇది కూడా కలుపుకునే సరుకే.

చివరి వరుస

ఇక ఆ కాగితం అడుగుకి వద్దాం. ఎస్‌ఎంపీఎస్, అంటే భాగాలకు కరెంటు పంచే పెట్టె, ఫ్రేములు పెంచదు, వెలగదు, స్నేహితులకు చూపించుకోవడానికి పనికిరాదు. అందుకే మిగతావన్నీ అయ్యాక మిగిలిన చిల్లరతో కొంటారు. కానీ కంప్యూటర్‌లో ప్రతి భాగానికీ ప్రాణం దానిలోంచే వెళ్తుంది. తాను పోయేటప్పుడు తోడు తీసుకెళ్లగలిగేది కూడా అదొక్కటే.

కౌంటరాయన్ని అడిగి ఆ 450 వాట్ల పెట్టెను చేతిలోకి తీసుకున్నాను. చిన్నపిల్లాడి లంచ్‌బాక్సంత బరువుంది. పక్కనున్న స్టిక్కర్ మీద 450 పెద్దక్షరాల్లో ఉంది. దానికింద చిన్న పట్టీలో 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లని ఉంది. ప్రాసెసర్, కార్డు రెండూ ప్రధానంగా ఈ 12 వోల్టుల మీదే బతుకుతాయి. మావాడితో ఫోన్‌లో గుణించమన్నాను: 12 ఇంటూ 18, 216 వాట్లు. మేమనుకుంటున్న ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు తీసుకుంటుంది. రైజెన్ 5 5600 బిగపట్టి పనిచేస్తే దాదాపు 75. రెండూ కలిస్తేనే 200 దాటింది. ఫ్యాన్లు మిగిలాయి, క్షణంలో పావువంతు ఎగిరిపడే కార్డు ఆకలి మిగిలింది.

"మరి 450 ఏది మామయ్యా?" అన్నాడు.

"స్టిక్కర్ మీదుందిగా," అన్నాను.

కౌంటరాయన కూడా నవ్వేశాడు. "అందరూ ఇదే తీస్కుంటరు సార్, కంప్లయింట్ ఏం రాలే," అన్నాడు. నా కంప్లయింట్ ఎక్కడికీ వెళ్లకపోవడం నాకు గుర్తుంది. పదిహేనేళ్ల కిందట ఒక మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చిన మరుక్షణం, నా కంప్యూటర్‌లోని ఇలాంటి పెట్టె "టప్" మంది. కాలిన వాసనతో పాటు బోర్డునూ, నాలుగేళ్ల ఫొటోలున్న హార్డ్ డిస్కునూ తీసుకుపోయింది. పెట్టెకు వారంటీ ఉంది. ఫొటోలకు లేదు.

మంచి ఎస్‌ఎంపీఎస్‌ను గుర్తుపట్టడానికి చాలామంది 80 ప్లస్ ముద్ర చూస్తారు. అది చెప్పేది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి ఇస్తుందనే సంగతి మాత్రమే. సగం భారం మీద బ్రాంజ్ దాదాపు 85 శాతం ఇస్తుంది. వోల్టేజీ ఎగిరితే తట్టుకుంటుందా, షార్టయితే తనను తాను ఆపుకుంటుందా అన్నది ఆ ముద్రలో ఉండదు. అందుకని ముద్రతో పాటు వారంటీ ఏళ్లు, 12 వోల్టుల గడి, ఆ మోడల్‌ను విప్పి పరీక్షించినవాళ్ల మాట, మూడూ చూడాలి. మా అవసరానికి 550 వాట్ల నిఖార్సైన పెట్టె చాలు. రేపు కార్డు మారినా అది మారనక్కర్లేదు.

ఇంటి కరెంటు సంగతి కూడా ఈ వరుసలోనిదే. క్యాబినెట్‌ను ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటే తప్పు కంప్యూటర్‌ది కాకపోవచ్చు, గోడలో ఎర్తింగ్ లేకపోవచ్చు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే కాబట్టి ఆట మధ్యలో కరెంటు పోతే సేవ్ చేసుకుని ఆపడానికి పనికొస్తుంది, ఆట కొనసాగించడానికి కాదు. బెజవాడ, రామగుండం ఎండల్లో ముందువైపు అద్దమున్న క్యాబినెట్ ఉక్కపోత గది అవుతుంది. జాలీ ఉన్నది చూడ్డానికి మామూలుగా ఉన్నా లోపలివాటికి ఊపిరాడుతుంది.

పాతవి కొనేవాళ్లకు

2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టో నాణెం తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో దాన్ని తవ్వేవాళ్ల పని ఆ రోజుతో సరి. వాళ్ల కార్డులు సంతకొచ్చాయి. తవ్విన కార్డంటే చచ్చిన కార్డని కాదు. ఒకే వేగంతో నడిచిన చిప్ బాగానే ఉండొచ్చు, ఫ్యాన్లూ థర్మల్ ప్యాడ్లూ అరిగుంటాయి. కొనేముందు ఎదుటే అరగంట ఆట నడిపించి చూడాలి, సీరియల్ నంబరుతో వారంటీ మిగిలిందో లేదో కంపెనీ సైట్‌లో చూసుకోవాలి. ఆర్‌ఎక్స్ 580 పేరుతో 2304కి బదులు 2048 కోర్లున్నవి తిరుగుతున్నాయి, లెక్క తెరమీద చూడాలి. కార్డు, ప్రాసెసర్ పాతవి కొనొచ్చు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం వద్దు.

కొత్తవి కొన్నా "బిల్లొద్దంటే తగ్గిస్తా" అనే మాటకు లొంగొద్దు. మూడేళ్ల వారంటీ ఆ కాగితం మీదే నిలబడుతుంది.

పైసా ఖర్చులేని పొరపాట్లు కూడా కొన్ని చెప్పుకోవాలి. మానిటర్ వైరు కార్డుకు కాకుండా బోర్డుకు గుచ్చడం. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ నొక్కక, కొన్న ర్యామ్‌ను తక్కువ వేగంలో నడపడం. 144 హెర్ట్జ్ తెరను విండోస్‌లో 60 దగ్గరే వదిలెయ్యడం. వేలు పోసి కొన్నది ఈ మూడింటివల్ల ఏళ్లతరబడి నిద్రపోతున్న ఇళ్లు నాకు తెలుసు.

తిరగరాసిన కాగితం

కాగితం మళ్లీ రాయించాం. లైట్ల కూలర్ కొట్టేశాం, ఆ ప్రాసెసర్ పెట్టెలోనే కూలర్ వస్తుంది. నాలుగు ఫ్యాన్లలో రెండు పోయాయి. 32 జీబీ ర్యామ్ ఒక్క 16 అయింది, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ 500 జీబీ అయింది. ప్రాసెసర్ 5600, కార్డు 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600. అలా మిగిలినదాంతో క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ విడివిడి వరుసలయ్యాయి, రెండిటికీ కంపెనీ పేర్లు వచ్చాయి.

మావాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ కాస్త చిన్నబుచ్చుకున్నాడు. "లైట్లుంటే బాగుండేది," అన్నాడు.

"అవి కలుపుకునేవిరా," అన్నాను. "దసరాకి కలుపుదాం."